చెంచాడు పొడి

“కూరలో పల్లీలు లేవు కదా, అక్కా?”

కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డ కటింగ్ మాస్టర్ ఆ మాట అడగ్గానే వంటావిడకి ఒళ్లు మండిపోయింది.

“నిన్న లేవు, మొన్న లేవు, ఇవాళా లేవు! నా వంట మీద నమ్మకం లేకపోతే ఇంటినుంచి తెచ్చుకోండి మాస్టారూ.”

“కోప్పడకక్కా. నాకు ఎలర్జీ. ఒక్క గింజ చాలు, ప్రాణం మీదికొస్తుంది. గరిటె కూడా వేరేదే కదా?”

వెనకాల కుట్టుమిషన్ల ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ బట్టల కంపెనీ క్యాంటీన్లో అతనికి ‘పల్లీల మాస్టర్’ అని ఎప్పుడో పేరు పడిపోయింది. ఎవరైనా పల్లీలు నములుతుంటే ఆ బల్ల దగ్గర కూర్చోడు. ఇంటికెళ్లే ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటాడు. అంతా ఉత్త చాదస్తం అని వంటావిడ గట్టి నమ్మకం. ఇరవై ఏళ్లుగా రెండొందల మందికి వండి పెడుతోంది, ఆమెకి ఆ మాత్రం తెలియదూ!

మర్నాడు శనివారం, ఒంటిపూట పని. అతని కూరలో చెంచాడు పల్లీల పొడి కలిపేసింది.

లోపల కాస్త బెదురుగానే ఉంది. గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ అతన్నే చూస్తూ కూర్చుంది. అతను దగ్గలేదు, తుమ్మలేదు. మారు వడ్డించుకున్నాడు కూడా.

“ఇవాళ కూర అదిరిందక్కా!” అని ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు.

‘సోమవారం అందరి ముందూ దులిపేస్తాను నీ చాదస్తం’ అనుకుంది.

సోమవారం అతను రాలేదు. పడిశం పట్టుంటుందిలే అని సర్దిచెప్పుకుంది గానీ, రోజంతా గుమ్మం వైపే చూస్తూ ఉంది. మంగళవారం మధ్యాహ్నం గుమ్మంలో అతను కనబడేసరికి హమ్మయ్య అనుకుంది. గడ్డం మాసి ఉంది. చేతిలో సెలవు చీటీ ఉంది. అతను నోరు తెరిచేలోగానే అందుకుంది.

“శనివారం మీ కూరలో చెంచాడు పల్లీల పొడి వేశాను మాస్టారూ! ఏమైంది? నిక్షేపంలా ఉన్నారుగా!”

అతను గోడ పట్టుకున్నాడు.

“నాకేమవుతుందక్కా? నేను పల్లీలు తినే పెరిగాను. పడనిది మా పాపకి. పాపకని చెబితే ‘పాప ఇక్కడ లేదుగా, తినండి’ అంటారని నాకే అని చెప్పాను. శనివారం గుమ్మంలో అడుగు పెట్టగానే మెడకి చుట్టుకుని ముద్దులు పెట్టేసింది. పది నిమిషాల్లో మొహం వాచి, ఊపిరాడక... ఇవాళ పొద్దున ఆస్పత్రిలో కళ్లు తెరిచి, అమ్మేదని అడిగింది.”



“అయ్యో, ఎంత పని చేశాను నాయనా!” అని వంటావిడ నెత్తి కొట్టుకుంది.

అతనికి ఆ మాట వినపడినట్టు లేదు. చీటీ నలుపుతూ నేల చూస్తున్నాడు.

“బిడ్డకి ఏం పెట్టి చంపబోయావే అని తిట్టి, మూడు రోజులుగా మా ఆవిణ్ణి ఆ మంచం దగ్గరికే రానివ్వలేదక్కా.”