నగారా మీద ఎవరి చెయ్యి?

"రెంటిలో నా వాయింపు ఏదో చెప్పు నాన్నా. కనిపెడితే జన్మలో నగారా ముట్టను," అంది యిట్కా.

ఒకే సింఫనీకి రెండు రికార్డులు. అట్టలు దాచి వినిపించింది. బ్ర్నో వాద్యబృందంలో జీవితమంతా నగారా కొట్టిన బొహుమీర్ తమ్ముణ్ణి చంపడానికి కయీను లేచినట్టు లేచి, మొదటి రికార్డును గోడకేసి బద్దలుకొట్టాడు. ముక్క ఎగిరి కూతురి నుదురు చీరింది.

"ఇదే నీది! చచ్చు దెబ్బ! రెండోది విన్నావా, అదీ మగాడి చెయ్యంటే! నగారా జోలికి రావొద్దని చిన్నప్పుడు నీ వేళ్లు ఊరికే విరగ్గొట్టానా?"

ఎవరిదో తప్పనుకుని తన తప్పుకే తీర్పు చెప్పిన దావీదు రాజుతో నాతాను ప్రవక్త అన్న మాటే యిట్కా తండ్రితో అంది:

"ఆ మనిషివి నువ్వే నాన్నా. బద్దలుకొట్టింది నీ వాయింపునే."

తన పేరున్న రెండో రికార్డు అట్టను అతని చేతిలో పెట్టింది. పెట్టిన చేతికి మూడు వేళ్లు వంకర.