మంగతాయి పాఠం

వాగు ఒడ్డున కొండముచ్చు మంగతాయి ఎదిగే పిల్లలకు కొమ్మ నుంచి కొమ్మకు దూకడం నేర్పేది. పాఠం మొదలవగానే ఏనుగు దొర ఆమెను చెట్ల లెక్కకో, పళ్ల కాపలాకో పంపేసేవాడు. ఒకరోజు వాన మబ్బు కమ్ముతుంటే ఆమె దొర దగ్గరికి వెళ్లింది.

"దొరా, పిల్లలకింకా దూకడం రాలేదు. నన్ను వాళ్లతో ఉండనివ్వండి."

"పళ్లు ఇంకాసిని ఇస్తాలే, వెళ్లు," అన్నాడు దొర.

ఆ సాయంత్రమే వాగు పొంగి, ఒడ్డు చెట్టు ఒరిగింది. పిల్లలన్నీ ఎలాగో అవతలి కొమ్మకు దూకాయి. ఒక్కటి మాత్రం వణుకుతూ ఉండిపోయింది.

"నన్నే చూడు, దూకు!" పళ్ల కాపలా వదిలి పరుగెత్తుకొచ్చి, అవతలి కొమ్మ మీంచి అరిచింది మంగతాయి.

అది దూకింది. కొమ్మ అందక ఆమె తోక పట్టుకుని వేలాడింది.

దాన్ని పైకి లాగి గుండెకు అదుముకుంటూ, గట్టున నిలబడిపోయిన దొరను మంగతాయి అడిగింది: "రేపెక్కడికి పంపుతారు దొరా?"

దొర తల వంచాడు. "ఎక్కడికీ పంపను. పాఠం చెప్పుకో తల్లీ."