సముద్రానికి పోయే సందు

“పిల్లలు ఏ దారిన సముద్రానికి పోతారు?”

తెల్లజుట్టు విదేశీ ఆవిడ చాయ్ కన్నా ముందు అడిగిన మాట అది.

ఖాదర్ హుస్సేన్‌కు నవ్వొచ్చింది. రాయచోటి నుంచి గల్ఫ్‌కు వచ్చి అజ్మాన్ ఒడ్డున చాయ్ కొట్టు పెట్టుకున్నాక ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

“దారేముంది మేడమ్? ఎదురుగా ఇసుక. ఇసుక దాటితే నీళ్లు,” అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

అది 2004. కొట్టుకు అటూ ఇటూ ఒంటి అంతస్తు ఇళ్ల వరస. ముందున్న ఇసుకలో ముప్ఫై అంతస్తుల భవంతులు లేస్తాయని బోర్డు మాత్రం లేచింది.

ఆవిడ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. బడి వదిలాక నీళ్లకు పరుగెత్తే పిల్లల వెనకే మెల్లగా నడిచేది. వాళ్లు ఎక్కడ మలుపు తిరుగుతారో, ఎక్కడ చెప్పులు విడుస్తారో చూసేది. తిరిగొచ్చి చాయ్ తాగుతూ నీళ్ల వైపు చూస్తూ కూర్చునేది.

ఎవరీవిడ? ఖాదర్ ఉండబట్టలేకపోయాడు.

“ఏ దేశం మేడమ్ మీది?”

“పోర్చుగల్. మాదీ సముద్రం ఒడ్డే. చిన్నప్పుడు ఇంటి మెట్ల మీద కూర్చుంటే అలలు కనిపించేవి. తర్వాత ఒడ్డు పొడవునా భవంతులు కట్టారు, ఒకదాన్నొకటి ఆనించి. వెనక వీధులకు గాలి రాలేదు. జనమూ రాలేదు. మా నాన్న కాఫీ కొట్టు మూసేశాడు.”

“ఎవరు మేడమ్ అట్లా కట్టింది?”

ఆవిడ చూపు చాయ్ గ్లాసులోకి దించుకుంది.

“బాగా చదువుకున్నవాళ్లు,” అంది.

ఆ సాయంత్రం జిలానీ బాషా వచ్చాడు. ఖాదర్ ఊరివాడే, ఎదుటి సైటులో కరెంటు పని చేస్తాడు.

“భాయ్, ఆయమ్మ ఎవరనుకుంటివి? కంపెనీ కారులో దిగుతాంది. మేనేజరు పక్కన నిలబడి నీ కొట్టు దిక్కు చెయ్యి చూపిస్తాంది. కండ్లారా చూస్తి.”

“నా కొట్టు దిక్కా?”

“కూలగొట్టేకి గాక ఇంకెందుకు?”

ఖాదర్ ఆ రాత్రి గల్లాపెట్టెలో డబ్బు లెక్కపెట్టుకున్నాడు. కొట్టు పోతే తన వీసాకు పూచీ ఉన్న అరబ్బు, కఫీల్, దాన్ని ఉంచడు. వీసా లేకపోతే తిరుగు విమానమే.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి స్టవ్ మీద చాయ్ మరుగుతూనే ఉంది.

“చాయ్ ఖలాస్,” అన్నాడు, మొహం చూడకుండా.

ఆవిడ గిన్నె వైపు చూసింది. సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

మూడేళ్లలో భవంతులు లేచాయి. కొట్టు మాత్రం కూలలేదు. పైగా కొట్టుకు సరిగ్గా ఎదురుగా, రెండు భవంతుల మధ్య వెడల్పాటి సందు నేరుగా నీళ్లదాకా పోయింది. పిల్లలు ఎప్పటిలాగే పరుగెత్తారు. భవంతుల్లో దిగినవాళ్లు ఆ సందులోంచే చాయ్‌కి రాసాగారు.

ఒకనాడు కంపెనీ ఇంజనీరు ఒకతను వచ్చి కూర్చున్నాడు. పోర్చుగల్ అతనే.

“సార్, ఈడ ఇంత జాగా ఎందుకు విడిచిరి?” అడిగాడు ఖాదర్.

“అక్కడ ఇంకో భవంతి రావాల్సింది. మా మేడమ్ ఒప్పుకోలేదు. సందు వదిలితేనే ప్లాను మీద సంతకం పెడతానంది. కంపెనీ సందు వదిలింది. ఆ తర్వాత మేడమ్‌నీ వదులుకుంది.”

“తెల్లజుట్టు మేడమా?”

“నీకు తెలుసా? మాది ఒకే ఊరు. పోయిన చలికాలంలో చనిపోయింది.”

ఖాదర్ స్టవ్ తగ్గించి వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు.

“ఆయమ్మకు చాయ్ లేదంటి సార్ నేను,” అన్నాడు. “వాళ్ల నాయన కొట్టు మూతబడిన సంగతి నాతో చెప్పింది. అయినా అంటి.”

ఇంజనీరు గ్లాసు కింద పెట్టాడు.

“నీతో చెప్పిందా? ఎవరితోనూ ఆ మాట ఎత్తేది కాదే.”

“ఎందుకు సార్?”

“మా ఊళ్లో ఆ భవంతుల వరసకు ప్లాను గీసింది ఆవిడే.”