మూడు గంటల మనిషి

సరిగ్గా మూడింటికి భార్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, అద్దాల తలుపు వేసేసుకుంది. వరుసగా ఇది తొమ్మిదో రోజు.

భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని బీమా క్లెయిములు చూస్తున్న అతను, ఒక కన్ను అటే వేసి ఉంచాడు. ఆరేసిన దుప్పటి పక్కన స్టూలు మీద కూర్చుంది. మాట్లాడటం లేదు. వింటోంది. కళ్లు మూసుకుని నవ్వుకుంటోంది. ఆ నవ్వు ఇంట్లో కనబడి ఎన్నాళ్లయిందో.

ఆమెది విమాన టికెట్ల సంస్థలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. పడకగదిలోంచే పని. విమానం తప్పినవాడూ, పెట్టె పోగొట్టుకున్నవాడూ అందరూ ఆమెనే తిడతారు. అతనికీ పని తక్కువేం కాదు. రోజుకు నలభై ఫైళ్లు తేల్చకపోతే మేనేజరు ప్రాణం తీస్తాడు. ఇద్దరి మధ్యా ఒక్క గోడే అడ్డం. అయినా వారం మొత్తంలో వాళ్లు మాట్లాడుకున్నది నెట్ రావడం లేదనీ, మిక్సీ ఆపమనీ, కాల్‌లో ఉన్నాననీ.

పావుగంటకు ఆమె లోపలికి వచ్చింది. మొహం కడిగిన పలకలా తేటగా ఉంది. అతనికి ఒళ్లు భగ్గుమంది.

మర్నాడు ఆరిన బట్టలు తెచ్చే నెపంతో వెళ్లి, తలుపు ఓరగా తీసి చెవి ఒగ్గాడు. హెడ్‌ఫోన్స్‌లోంచి లీలగా వస్తున్నది మగగొంతని మాత్రం తెలిసింది. మాటలు అందలేదు. ఆ రోజు క్లెయిములన్నీ తప్పుల తడకగా పంపి మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు.

అక్కకు ఫోన్ చేసి, ఎవరో స్నేహితుడి సంసారమన్నట్టు చెప్పుకొచ్చాడు. అక్క అంతా విని, నీ స్నేహితుడికి నోరు లేదా, నేరుగా అడగమను, అని పెట్టేసింది.

అడిగాడు. భోజనం చేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు.

“మూడింటికి ఎవరది, అంతలా నవ్విస్తున్నాడు?”

ఆమె చెయ్యి కంచంలోనే ఆగింది.

“ఆ పావుగంట లేకపోతే ఈ ఉద్యోగం ఎప్పుడో మానేసేదాన్ని,” అంది.

“నాకు తెలిసినవాడేనా?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “ఒకప్పుడు బాగా తెలుసు,” అని లేచి వెళ్లి చెయ్యి కడుక్కుంది.

ఒకప్పుడు తెలిసినవాడంటే ఇంకెవడు? అందరూ పొడుగు అని పిలిచే తన కాలేజీ స్నేహితుడు. పెళ్లిలో మైకు పట్టుకుని ఆమెను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది వాడే. వాడితో తనకు రెండేళ్లుగా మాటల్లేవు.

మర్నాడు ఆమె తలుపు వేసుకోగానే పొడుగుకు ఫోన్ కొట్టాడు. లైను బిజీ అని వస్తుందని పళ్లు బిగించుకుని కూర్చున్నాడు. మొదటి రింగుకే ఎత్తాడు పొడుగు. ఎన్నాళ్లకు గుర్తొచ్చానురా అంటూ తన నడుంనొప్పి పురాణం మొదలుపెట్టాడు. అద్దం అవతల ఆమె నవ్వుతూనే ఉంది.

వాడు కాదని తేలింది. దాంతో కుళ్లు తగ్గకపోగా రెట్టింపయింది. తిట్టుకోవడానికి ఒక మొహమైనా లేకుండా పోయింది.

శుక్రవారం ఆ పావుగంట మధ్యలోనే పడకగదిలో ఆమె లాప్‌టాప్ మోగింది. సూపర్‌వైజరు. ఆమె ఫోనూ హెడ్‌ఫోన్సూ స్టూలు మీద పడేసి లోపలికి పరుగెత్తింది.

చాటుగా వినడం తప్పని అతనికి తెలుసు. తెలిసే బాల్కనీలోకి నడిచాడు. హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా గొంతు వస్తోంది, అవతలి మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క వింటే చాలు, ఆ తర్వాత వాణ్ని ఎక్కడ నిలబెట్టి కడిగేయాలో తనకు తెలుసు. హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకున్నాడు.

“బంగారం, మీటింగ్ ఇప్పుడే అయింది. మెట్ల మీద కూర్చుని నీకోసమే ఇది రికార్డ్ చేస్తున్నా. పొద్దున్న మళ్లీ ఎవరో తిట్టారన్నావుగా, సాయంత్రం వచ్చి అంతా వింటాను, నాలుగు నేనూ తిడతాను, సరేనా?”

నాలుగేళ్ల కిందట, ఇద్దరూ వేరువేరు ఆఫీసులకు వెళ్లే రోజుల్లో, రోజూ మూడింటికి ఆమెకు పంపిన తన గొంతే అది.