భుజాల మీద నక్షత్రాలు

పెనుగంచిప్రోలు పొలంలో పత్తి బస్తాలకు కాపలా పడుకున్న జయమణికి చీకట్లో బూట్ల చప్పుడు వినిపించింది. టార్చి వేసి చూస్తే కొడుకు బెన్ని. సిపాయిగా చేరి, పరీక్ష నెగ్గి, ఆఫీసరు చదువుకు అకాడమీకి వెళ్లినవాడు. శనివారం అక్కడి పరేడ్‌లో వాడి భుజాలకు నక్షత్రాలు తల్లే పెట్టాలి. అందుకే ఆమె రేపు రైలెక్కుతోంది.

కాని నక్షత్రాలు అప్పుడే వాడి భుజాల మీద మెరుస్తున్నాయి.

ఆమె మంచం దిగలేదు. "ఎవరు పెట్టార్రా అవి?"

"నువ్వే గదమ్మా. బొటనవేలికి పిన్ను గుచ్చుకున్నా నవ్వావు. మర్చిపోయావా?"

"నేనింకా బయల్దేరందే?"

"ఇంక నువ్వు రైలెక్కే పన్లేదులే."

గొంతు బెన్నిదే. ఆమెకు మాత్రం నమ్మకం కుదరలేదు. టార్చి గట్టిగా పట్టుకోబోతే వేళ్ల మధ్య జారింది. బొటనవేలు తడిగా ఉంది. వెలుగు అటు తిప్పి చూసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.