దీపాలెట్టాక ఇవ్వని లైబ్రరీ

గోదావరి మధ్యనున్న మా లంకను ముంచిన రెండో వరద ఏడు అది. అప్పటికి ఎవరి యాప్ వాళ్లు ఇంట్లోనే కట్టుకునేవారు. యాప్ లేనిదే పడవ కదలదు. నా పడవ యాప్ పాత ఫోనుతో పాటు వరదలో పోయింది. తెల్లారితే పెళ్లివారిని గోదావరి దాటించాలి. సాయంత్రం కొత్తది కడుతుంటే, అందులో కలపాల్సిన, నీటివాలు చెప్పే కోడ్ ముక్క, అదే లైబ్రరీ, దొరకలేదంటూ ఫోన్ ఆగిపోయింది. అది ఊళ్లో పొరుగింటి పల్లాలమ్మ దగ్గరే మిగిలింది. వెళ్లి అడిగాను.

“దీపాలెట్టేశాక అడుగుతావేంటి బాబాయ్? తోడు పెరుగే ఇవ్వను, లైబ్రరీ ఇత్తానా?”

“పెళ్లి ఆగిపోద్దే.”

“గడప దాటించనన్నాను గానీ, నిన్ను లోపలికి రావద్దన్నానా? ఇక్కడే కట్టుకో. ఈలోగా పులుసన్నం తిను. కడుపులో పడ్డది గడప దాటినా దోసం లేదు.”

తింటుండగానే, లైబ్రరీని తన కడుపులో వేసుకుని యాప్ కూడా పూర్తయింది. ఇద్దరం నవ్వాం.

మర్నాడు పెళ్లికూతురి పక్కన పల్లాలమ్మను కూర్చోబెట్టి గోదావరి దాటించాను.