మారెప్పకు సంగటి రాదు

"మళ్లా మాడగొట్టినావా?" నడవలో మంచం మీద నుంచే కేకేసింది నల్లమ్మ.

"మాడలేదులే. అడుగంటినాది, అంతే," వంటింట్లోంచి మొగుడు మారెప్ప జవాబిచ్చాడు.

"అడుగంటేది అంటే ఏమప్పా మరి? ఎసరు తెర్లినాక మంట తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాల? అయిదు నెల్లాయె, నీకు సంగటి గెలకడం రాకపాయె."

డెబ్బై దాటిన ఆలుమగలు అలా కీచులాడుకుంటుంటే, మధ్యలో ఫోను పట్టుకుని కూర్చుంది హేమావతి. పామిడి చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ల ఇళ్లకు నెలకోసారి వెళ్లి, ఎవరి పని వాళ్లు చేసుకోగలుగుతున్నారో లేదో చూసి, రానిది నేర్పించడం ఆమె ఉద్యోగం. ఫోనులో మారెప్ప పేరు కింద నాలుగు ప్రశ్నలున్నాయి. గుడ్డలు తానే ఉతుక్కుంటాడా, మాత్రలు వేళకు వేసుకుంటాడా, అంగడికి పోయి సరుకులు తెచ్చుకుంటాడా? ఈ మూడింటికీ అవుననే వచ్చింది. వంట దగ్గరే బండి ఆగిపోయింది. ఈ వయసులో మగవాడికి పొయ్యి అప్పజెబితే ఇంతేలే అనుకుంది హేమావతి.

"పోయి నీళ్లు పట్టకరా. మొదట్నుంచి చెయ్యి," అంది నల్లమ్మ. "కాళ్లు పని చేసింటే నేనే లేద్దును."

మారెప్ప బిందె తీసుకుని వీధి కొళాయికి పోయాడు.

అతను వాకిలి దాటాడో లేదో నల్లమ్మ మంచం దిగింది. చకచకా వంటింట్లోకి నడిచి, మూత తీసి, సంగటి వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి, మళ్లీ వచ్చి మంచమెక్కింది. హేమావతి ఫోను పక్కన పెట్టింది.

"అవ్వా, కాళ్లు రావంటివే."

"కాళ్లకేమి, బాగుండాయి. మెల్లగ మాట్లాడు పాపా. చెడిపోయినాది గుండె. అనంతపురం డాక్టరు మూడు నెలలన్నాడు. ఇది అయిదో నెల. ఆయప్పకు తెలీదు, చెప్పొద్దు. నేను లేచి తిరిగితే వంట నేర్వడు గదా, అందుకే పండుకున్నా."

"నీ కూతురు తాడిపత్రిలోనే ఉండాది గదా. తాతను పిల్చుకోని పోదా?"

"ఆయప్ప పోడు. ఈ ఇంట్లోనే ఉంటానంటాడు. ఉండనీ, నాకూ అదే కావాల. కానీ ఆకలైతాందని ఒకరిని అడిగే మనిషి కాదు పాపా. పస్తన్నా ఉంటాడు గానీ అడగడు. ఒక్క పొద్దు, ఒక్క ముద్ద, నున్నగా చేసి నా ముందర పెట్టినాడంటే సాలు. ఇంక నెమ్మదిగా కండ్లు మూస్తా. అంతవరకు ఎట్ల పోయేది చెప్పు?"

హేమావతి బీపీ మిషను బయటికి తీసింది. నల్లమ్మ బీపీ చూస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఇవాళ తానే దగ్గరుండి చేయించాలి. ఆ ముద్దేదో ఈ తల్లి కళ్లబడాలి. ఈలోగా మారెప్ప నీళ్లు తెచ్చి, పెరటి గుమ్మంలోంచే వంటింట్లోకి వెళ్లి ఎసరు పెట్టాడు.

పిండి ఉడికిన వాసన రాగానే హేమావతి లేచి వెళ్లింది. వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

మారెప్ప తపేలాను దించి, గుడ్డ అడ్డం పెట్టి రెండు పాదాల మధ్య అదిమిపెట్టి, తెడ్డుతో సంగటి కెలుకుతున్నాడు. ఒక్క ఉండ లేదు. చేతులు తడుపుకుని ముద్ద చేసి పళ్లెంలో పెట్టాడు. నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. దాన్ని కాసేపు చూశాడు. తర్వాత ముద్దను చిదిమి మళ్లీ తపేలాలో వేసి, పైన గుప్పెడు పచ్చి పిండి చల్లి, పొయ్యి మీదకెక్కించి మంట పెంచాడు.

"తాతా, ఏం చేస్తాండావు? అంత బాగా వచ్చినాది గదా."

మారెప్ప ఉలిక్కిపడి నడవ వైపు చూశాడు.

"గట్టిగా అనొద్దు పాపా. మొదటి వారమే వచ్చినాది నాకు."

"మరి?"

"ఆ పొద్దు డాక్టరు చెప్తాంటే తలుపు ఇవతలే ఉంటి. అంతా వింటి." మారెప్ప కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఈ నెల గూడా రాదనే రాసుకో తల్లీ. నాకు సంగటి వచ్చిందంటే అది పోతాది."